టపాలు వస్తాయి, వ్యాఖ్యలు రావు

పోయిన ఎండాకాలంలో మా బ్లాగుల గూడు మూతపడుతుందని నాయుడుపేట అయ్యవారు ప్రకటన పెట్టాడు. గూడు అంటే మా చుట్టుపక్కల తెలుగులో రాసుకునే యాభై అరవైమందికి ఆయన ఇంటర్నెట్టులో కట్టిపెట్టిన చోటు. ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్లాగు, అన్నీ ఒకే కప్పు కింద. బ్లాగులో రాసి పెట్టేదాన్ని టపా అంటాం. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇన్నేళ్ళూ ఒంటిచేత్తో దాన్ని నడిపాడు. ప్రకటనలో మూడు సంగతులు ఉన్నాయి. నా కళ్ళు ఇక సహకరించవు, నెలాఖరుకు మూసేస్తున్నాను. అంతలోపల మీ టపాలు మీ ఫోన్లలోకి దించుకోండి, దానికి ఒక బటన్ పెట్టాను. మన గూడు పేరు నిలిచేట్టు మంచి టపాలు ఏరి ఒక పుస్తకం వేస్తున్నాను, ఇది ఏడ్చే సమయం కాదు, పండగ చేసుకునే సమయం.

దాని కింద జనం చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాలుగేళ్ళుగా మొహం చూపించనివాళ్ళు కూడా వచ్చి "ఒక శకం ముగిసింది" అని రాసి పోయారు. నాకు ఒళ్ళు మండింది. శకమట! రాసేవాళ్ళు రాయడం మానేశారు, చదివేవాళ్ళు అర నిమిషం వీడియోలకు పోయారు. గూడును పాడుపెట్టింది మేమే, ఇప్పుడు దండలు పట్టుకొని వచ్చింది కూడా మేమే.

నేను ఒకే ఒక్క ప్రశ్న వేశాను. టపాల కింద జనం రాసిన వ్యాఖ్యలు ఉన్నాయి కదా, అవి కూడా దిగుతాయా అని.

అయ్యవారు ఒక్క ముక్కలో జవాబు పెట్టాడు: "టపాలు వస్తాయి, వ్యాఖ్యలు రావు."

అది చదివి ఫోన్ మంచం మీదికి విసిరేశాను. నా టపాలు పోతే పోనీ. నాకు కావలసింది ఒకే ఒక వ్యాఖ్య. అది రాయించింది నా భార్య. అది తప్ప ఆమె మాట ఇంకెక్కడా రాతలో లేదు. అది పోతే దాని పైన నేను రాసిన అబద్ధం ఒక్కటే మిగులుతుంది. ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

నాది ఐరాల పక్కన ఒక పల్లె. చెరకు గానుగల దగ్గర బెల్లం వండడం నా పని. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా ఎక్కడ సంతకం పెట్టమన్నా బొటనవేలు చాపేవాణ్ణి. తర్వాత బడి వసారాలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్తారంటే పోయి కూర్చున్నాను. నాతోపాటు చేరినవాళ్ళు వారానికి ఇద్దరు చొప్పున మానేశారు. నేను మానలేదు. మొండితనం అనుకోండి. ఇప్పటికీ చదివేటప్పుడు పెదాలు కదుపుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

నాయుడుపేట అయ్యవారు కాణిపాకం వచ్చి, పోతూ పోతూ బెల్లం కోసం మా గానుగ దగ్గర ఆగాడు. వేడి బెల్లం ఆరేదాకా కూర్చోమన్నాను. కూర్చుని ఫోన్ చూసి తనలో తానే నవ్వుకుంటున్నాడు.

"ఏమి సూస్తా ఉండావయ్యోరా, అంత సేపు?"

"నేను రాసింది. మొన్న రాసి పెడితే నలుగురు బదులు రాసినారు."

"పేపరోళ్ళు ఏసినారా?"

"ఏ పేపరూ లేదప్పా. నేనే రాసుకుంటా, నేనే ఏసుకుంటా."

"అడిగేవాడు లేడా?"

"ఎవుడు అడగతాడు?"

"అయితే నేను గూడా రాయొచ్చా?"

నన్ను కింది నుంచి పైకి చూశాడు. ఎగదోపిన లుంగీ, మోచేతుల దాకా పాకం. "నీకు రాయను వస్తాదా?"

"వస్తాది. నిదానంగా వస్తాది."

"నిదానంగా రాసేవాళ్ళే కావల్ల మాకు. గబగబా రాసేవాళ్ళు శానామంది ఉండారు."

నేను ఈ లోకంలోకి వచ్చింది అట్లా. ముందు నోటుపుస్తకంలో రాసుకొని, దాన్ని చూసి ఒక్కొక్క అక్షరం ఫోన్లో నొక్కేవాణ్ణి. ఒక టపాకు నాలుగు రోజులు పట్టేది. చెరకు నరికేవాళ్ళ కాళ్ళ పగుళ్ళ గురించి రాశాను, మా ఊరి బస్సు ఎందుకు ఆగదో రాశాను, పొయ్యిలో పిప్పి ఎట్లా వెయ్యాలో రాశాను. ఇవి కూడా రాసే సంగతులేనా అని నన్ను ఎవరూ అడగలేదు. ఎవరో రేణిగుంట నుంచి "మా నాయన కాళ్ళు గూడా అట్లనే ఉండేవి" అని కింద రాసి పోయేవాళ్ళు. ఆ ఒక్క వరసకు నాలుగు రోజుల కష్టం మరిచిపోయేవాణ్ణి. పొద్దున లేస్తే వాట్సాపులో గులాబీ పూలు పంపేవాళ్ళకు ఇది అర్థం కాదు. నేను రాసింది ఒక మనిషి కూర్చుని ఆఖరిదాకా చదివి, తన ఇంటి సంగతి ఒకటి తెచ్చి నా గడప దగ్గర పెట్టి పోవడం అది.

గడప దాకా వచ్చినవాళ్ళను పలకరించకపోతే ఏం మర్యాద? అందుకని ప్రతి వ్యాఖ్యకూ బదులు రాసేవాణ్ణి. తిట్టిపోసినవాడికి కూడా. ఒకాయన ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసేవాడు. ఏమిటమ్మా అని మా కూతుర్ని అడిగితే, చాలా బాగా రాశావు, మా చోటికి కూడా రమ్మంటున్నాడని చెప్పింది. "మీది ఏ ఊరు, చిత్తూరు పక్క వస్తే బెల్లం ఇస్తాను" అని తెలుగులో రాశాను. మళ్ళీ అవే రెండు ముక్కలు వచ్చాయి. మళ్ళీ బదులిచ్చాను. ఇట్లా తొమ్మిదిసార్లు జరిగాక తడ నర్సు ఫోన్ చేసింది. తడలో ఉండి, ఆసుపత్రి డ్యూటీలో చూసినవి రాసే అమ్మాయి. మా గూడులో అందరికన్నా బాగా రాసేది ఆమే. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"పెదనాయనా, వాడు మనిషి గాదు. ఒళ్ళు తగ్గే మాత్రలు అమ్ముకునే మిషను."

"మిషనైతే ఏమి? పలకరించింది గదమ్మా."

ఈ బ్లాగుల వాళ్ళతో వేగడం కూడా తేలిక కాదు. తిరుపతి దగ్గర ఉండే బ్లాగరు అంటే కొండ మీద మనకు మనిషి ఉన్నాడని వాళ్ళ లెక్క. పది టపాలకు ఒక వ్యాఖ్య పెట్టనివాడు, దర్శనానికి బయలుదేరే ముందర మాత్రం మూడు టపాల కింద "అద్భుతం" అని రాసేవాడు. నాకు అప్పుడే తెలిసిపోయేది, రేపో మాపో ఫోన్ వస్తుందని. నాకే లైన్లో పొద్దంతా పడుతుందంటే నమ్మేవాళ్ళు కాదు. సరే, దర్శనం ఇప్పించలేకపోయినా అన్నం పెట్టగలం కదా. కొండకు వచ్చిన బ్లాగరు పోతూ పోతూ మా ఇంట్లో ఒక పూట తినిపోవడం ఒక ఆనవాయితీ అయిపోయింది. నా భార్య రాగి సంగటి, దాంట్లోకి చెనక్కాయలు నూరిన ఊరిబిండి చేసి పెట్టేది.

"మొకం ఎరగనోళ్ళంతా వచ్చి తిని పోతా ఉండారు. నువ్వు ఆ ఫోన్లో ఏం రాస్తావో ఏమో."

అడిగినప్పుడు చదివి వినిపించవచ్చు కదా? వినిపించలేదు. ఆమెకు అక్షరం రాదు. నేర్పుతాను రా అంటే "నాకు పనుండాది" అనేది. నేను కూడా రెండోసారి పిలవలేదు. ఊరూరి జనం నా రాతలు చదువుతున్నారని పొంగిపోయేవాణ్ణే గాని, పక్కన కూర్చుని విస్తర్లు కుట్టే మనిషికి ఒక్క టపా వినిపించినవాణ్ణి కాదు.

ఆ రోజుల్లోనే పాకం గురించి టపా రాశాను. పెద్ద బెల్లం పెనంలో చెరకు రసం ఎట్లా తెర్లుతుంది, తెట్టు ఎట్లా తియ్యాలి, ఎప్పుడు దించాలి అని. ముందు దించితే బెల్లం గట్టిపడదు, కాస్త ఆగితే మాడుతుంది. చుక్క పాకం చల్లనీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసి, దించమని చెప్పే మనిషిదే అక్కడ పెత్తనం. "ఆ మాట చెప్పేది నేనే, నా చేతి కింద ఒక్క పెనం కూడా మాడలేదు" అని రాసుకున్నాను. నా టపాలన్నిటిలో అందరూ మెచ్చింది అదే. మీ వేళ్ళకు దండం అని రాశారు. ఆ దండాలన్నీ కళ్ళకద్దుకున్నాను.

నెల తిరక్కముందే తడ నర్సు కాణిపాకం వచ్చి మా ఇంటికి వచ్చింది. నేను పాలకని బయటికి పోయి, ఎవరో మాటల్లో పెడితే గంట తర్వాత వచ్చాను. ఆడవాళ్ళిద్దరూ ఏదో తలచుకొని నవ్వుతున్నారు. తిన్నాం, ఆ అమ్మాయి పోయింది. మర్నాడు పొద్దున ఫోన్ తెరిస్తే పాకం టపా కింద ఇది ఉంది:

"తడ నర్సు ఫోన్లో నుంచి ఇది రాయిస్తా ఉండేది ఈయన పెండ్లాం. ఈయన రాసింది ఇప్పుడే సదివిచ్చుకున్నాను. పొయ్యి సంగతి నిజం, పిప్పి సంగతి నిజం. పాకం సంగతి అబద్దం. నీళ్ళలో సుక్క ఏసి సూసేది నేను. దించమని సెప్పేది నేను. ఈయన దించేవాడు. రైతులు పనికి పిలవను వస్తే ముందు నన్నే అడిగేవాళ్ళు, నువ్వు వస్తావా అని. ఈయన మరిసిపోయినాడేమో, గుర్తు సెయ్యండి. బువ్వ తినను టైమయింది, ఉంటాను."

అప్పటికే దాని కింద ఇరవైమంది చేరారు. సాయంత్రానికి నలభై. ఆడవాళ్ళంతా ఒక పక్క. "పెద్దమ్మా, నువ్వు బ్లాగు పెట్టు, మేం చదువుతాం" అని ఒకరు. "మా ఇంట్లో కూడా ఇదే కథ" అని ఒకరు. మగవాళ్ళు కొందరు నన్ను వెనకేసుకొచ్చి తిట్లు తిన్నారు. మా గూడులో అంత సందడి మళ్ళీ ఎప్పుడూ జరగలేదు. నేను ఒక్కొక్కరికీ బదులిచ్చాను, సర్దిచెప్పాను, ఒకరిద్దరితో గొడవ పడ్డాను. ఆమె వ్యాఖ్య కింద మాత్రం ఏమీ రాయలేదు. నలుగురిలో పరువు తీసిందని కోపం. ఇంట్లో ఆమెతో కూడా ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. మరిచిపోయిందిలే అనుకున్నాను.

రెండేళ్ళ కిందట జ్వరమని పడుకుంది, వారం తిరగకుండా పోయింది. నేను తిరుపతిలో కూతురింటికి వచ్చేశాను.

వ్యాఖ్యలు రావన్న మాట చదివిన మర్నాడే నాయుడుపేట బస్సెక్కాను. అయ్యవారి ఇంట్లో హాలు నిండా కాగితాలు. చేతిలో భూతద్దం పెట్టుకొని పుస్తకానికి టపాలు దిద్దుతున్నాడు. నన్ను చూసి సంబరపడిపోయాడు.

"రా పెద్దాయనా, నీ పాకం టపానే పుస్తకంలో మొట్టమొదటిది!"

"దాని కింద నా పెండ్లాం వ్యాఖ్య గూడా ఎయ్యల్ల."

"పుస్తకంలో వ్యాఖ్యలు ఎయ్యరప్పా. అవి ఊరికే మాటల సందడి."

"అయితే నా టపా తీసెయ్."

"అదేంది? అందురూ మెచ్చింది అదే గదా!"

"అందురూ మెచ్చింది దాని కింద జరిగిన కొట్లాట. నువ్వు మాంసం పారేసి ఎముక దాస్తా ఉండావు."

ఆయనకు కోపం వచ్చింది. వచ్చే హక్కు ఉంది. కళ్ళు పోతున్నా మా రాతలు దిద్దుతూ కూర్చున్న మనిషి. అయినా నేను తగ్గలేదు.

"సరే, టపాలోనే దిద్దుకో. పాకం సెప్పేది నా భార్య అని ఒక వరస సేర్చు. అయిపాయె."

"దిద్దితే నేను మొదుట్నించీ నిజమే సెప్పినట్టు అయితాది. నేను సెప్పలేదయ్యోరా. ఆయమ్మ సెప్పింది."

"ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో మల్ల."

"ఫొటో నా జోబులో ఉంటాది. అబద్దం పుస్తకమెక్కి ఊరూరా తిరగతాది."

ఆయన కాగితాలు పక్కకు జరిపాడు. తర్వాత భూతద్దం తీసుకొని, "సరే, ఏస్తాను. ఏస్తే దాని కింద నీ బదులు గూడా ఉండల్ల. మాట ఒక పక్కనే ఉంటే ఏం బాగుంటాది? ఫోన్ ఇట్లియ్యి, నువ్వేం బదులిచ్చినావో సూస్తాం" అన్నాడు.

ఫోన్ ఇచ్చాను. ఆయన ఫోన్ మీద భూతద్దం పెట్టి, ఒక్కొక్క వ్యాఖ్యే పైకి తోసుకుంటూ పోయాడు. రేణిగుంట ఆయనకు బదులుంది. గొడవ పడినవాళ్ళకు ఉంది. అడుగున మాత్రల మిషనుకు కూడా ఉంది, చిత్తూరు పక్క వస్తే బెల్లం ఇస్తానని. మళ్ళీ మొదటికి వచ్చి ఆమె వ్యాఖ్య దగ్గర ఆగాడు.

"మాత్రలోడికి గూడా బదులుండాదే పెద్దాయనా. ఆయమ్మకు లేదేమి?"

"బస్సుకు టైమయింది" అని లేచాను. బస్సుకు ఇంకా గంట ఉంది.

బస్టాండులో కూర్చుని తడ నర్సుకు ఫోన్ చేశాను. ఆ రోజు నా భార్య రాయించింది ఇంకేమైనా ఉందా, అంతా పెట్టావా అని అడిగాను.

"అంతా పెట్టినాను పెదనాయనా. ఒక మాట సెప్తే తిట్టవు గదా?"

"సెప్పు."

"నేను ఫోన్ సేసినప్పుడంతా పెద్దమ్మ అడిగేది. దాని కింద ఆయన ఏమన్నా రాసినాడా సూడు, అని. నేను సూసి, లేదు పెద్దమ్మా అంటే, సర్లే రాస్తాడు, ఆయనకు నిదానంగా వస్తాది, అనేది."

"ఎన్నిసార్లు అడిగింది?"

"అవన్నీ ఎందుకులే పెదనాయనా."

"ఎన్నిసార్లు మ్మా?"

"సేసినప్పుడంతా."

తిరుపతి బస్సు వచ్చింది, పోయింది. రెండో బస్సు ఎక్కాను.

ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీశాను. ఈసారి నాలుగు రోజులు కాదు, తొమ్మిది రోజులు పట్టింది. బాగుందనిపించిన ప్రతిదీ కొట్టేశాను. ఆఖరికి ఇంతే మిగిలింది:

"నువ్వు రాయించింది నిజం. పాకం చెప్పింది నువ్వే. నేను దించినాను. ఒక్క పెనం కూడా మాడలేదని రాసింది కూడా అబద్ధమే. నువ్వు పుట్టింటికి పోయిన వారంలో నేనే చూసి దించితే పెనమంతా మాడింది. నువ్వు వచ్చి ఆ పెనం తోమినావు, ఎవరికీ చెప్పలేదు. ఈ బదులు అప్పుడే రాసి ఉండాల్సింది."

దాన్ని ఆమె వ్యాఖ్య కింద పెట్టాను. గూడు మూతపడడానికి ఇంకా అయిదు రోజులున్నాయి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. పెళ్ళికి రానివాళ్ళు కూడా చావుకు వచ్చినట్టు. కన్నీళ్ళు వచ్చాయని కొందరు. ఒకాయన "పెద్దమ్మ పైనుంచి చదివే ఉంటుంది" అని రాశాడు. చిరాకు ఆపుకోలేక ఆయనకు బదులిచ్చాను: "ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాల్సింది నేను. ఆ పని చెయ్యలేదు. ఊరికే తియ్యగా రాయొద్దు." ఆయన మంచి మనసుతోనే రాశాడని తెలుసు. అయినా ఆ బదులు తీసెయ్యలేదు.

ఆఖరి రోజు అయ్యవారు ఫోన్ చేశాడు.

"టపా, ఆయమ్మ వ్యాఖ్య, నీ బదులు మూడూ ఎయ్యాలంటే సోటు సాల్లేదప్పా. టపాలో ఎనిమిది వరసలు తగ్గించల్ల. పాకం గొప్పలు తీసేసేదా?"

"వాటిని ముట్టుకోవద్దు. మొదుట్లో పొద్దు పొడిసేది ఉండాది సూడు, అది తీసెయ్. పొద్దు ఎట్లైనా పొడుస్తాది."

"ఆయమ్మ మాటలు కొంచెం పుస్తకం బాసలోకి దిద్దుతాను."

"నా మాటలు ఎంతైనా దిద్దుకో. ఆయమ్మ మాటల్లో ఒక్క అక్షరం తాకొద్దు."

అవతల కాగితం చప్పుడు. భూతద్దం పెట్టి చదువుకుంటున్నట్టున్నాడు.

"ఆఖర్న బువ్వ తినను టైమయింది అనేది గూడా ఎయ్యాల్నా? దానికీ పాకానికీ ఏం సంబంధం?"

"ఎయ్యి" అన్నాను.

ఆమె అది రాయించిన రోజు నేను పాలు తీసుకొని ఇంటికి వచ్చేసరికి సంగటి ముద్ద చేసి, ఊరిబిండి పక్కన పెట్టి ఉంచింది. కూర్చో, చల్లారిపోతుంది, అంది. అప్పటికే తను రాయించింది నలుగురికీ చేరిపోయింది. నేను ఇంకోసారి వడ్డించమని అడిగి మరీ తిన్నాను.